టైరు కొనేముందు రిమ్ము నంబరు చదవండి

సంపాదకుడు గారికి,

వెనక భాగం నేలకు దించి, ఇంత వెడల్పు టైర్లు బిగించిన పికప్‌లు ఈ మధ్య ములుగు రోడ్డు మీద, హన్మకొండ చౌరస్తాలో తరచూ ఎదురవుతున్నాయి. చూడ్డానికి బాగుంటాయి, కాదనం. చిక్కల్లా ఆ టైర్లలో చాలావాటిని బండితో వచ్చిన పాత రిమ్ము మీదే ఎక్కిస్తున్నారు. టైరుకు 20 వేలు పెట్టడానికి వెనకాడని కుర్రాళ్లు రిమ్ము మీదున్న నంబరు వైపు కన్నెత్తి చూడరు.

ఆ నంబరు రిమ్ము లోపలి వైపు గానీ, వాల్వు రంధ్రం పక్కన గానీ 6జె×15 లాగా గుద్ది ఉంటుంది. 15 వ్యాసం, 6 వెడల్పు, రెండూ అంగుళాల్లో. జె అనేది అంచు ఆకారానికి గుర్తు. తుప్పు పట్టి కనబడకపోతే టైరు విప్పించి టేపుతో కొలవాలి. ఇక్కడే బోల్తా పడతారు. టేపును ఈ బయటి అంచు నుంచి ఆ బయటి అంచుకు పెడతారు. కొలవాల్సింది రెండు అంచుల లోపలి గోడల మధ్య, అంటే టైరు బీడ్ (రిమ్ములో కూర్చునే టైరు లోపలి గట్టి అంచు) వచ్చి ఆనుకునే చోట్ల మధ్య. బయటి నుంచి కొలిస్తే దాదాపు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది. 7 అంగుళాల రిమ్మును 8 అనుకుని టైరు తెచ్చుకునేది అందుకే.

మన పికప్‌లలో ఎక్కువగా కనబడే 215/75 ఆర్15 టైరుకు (215 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 75 పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, 15 రిమ్ము వ్యాసం అంగుళాల్లో) 5.5 నుంచి 7 అంగుళాల రిమ్ము నడుస్తుంది. 235/75 ఆర్15కు 6 నుంచి 8. 255/60 ఆర్15కు 7 నుంచి 9. అమెరికాలో డ్రాగ్ బండ్ల (తిన్నని దారిలో పందెం కట్టే బండ్ల) వెనక చక్రాలకు వాడే 275/60 ఆర్15కు 7.5 నుంచి 9.5 కావాలి. టైరు మీద రాసిన 275 మిల్లీమీటర్లు 8 అంగుళాల రిమ్ము మీద కొలిచిన లెక్క. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. అదే టైరును 6 అంగుళాల రిమ్ము మీద కుక్కితే 255 దగ్గరకు వచ్చేస్తుంది. 275కు డబ్బు పోసి 255 కొనుక్కున్నట్టు. పైగా పక్క గోడలు బుంగమూతి పెడతాయి, నడిమి భాగం ఉబ్బుతుంది, నేలను తాకేది ఆ ఉబ్బే. మలుపులో రిమ్ము ఒకవైపు, టైరు ఒకవైపు పోతున్నట్టు వెనక భాగం ఊగుతుంది. డ్రాగ్ టైరుకు పక్క గోడ అసలే మెత్తన కాబట్టి ఈ ఊగుడు ఇంకా ఎక్కువ.

రిమ్ము మరీ వెడల్పైనా తిప్పలే. పక్క గోడ బిగదీసినట్టు సాగుతుంది, గుంటలో పడితే దెబ్బ నేరుగా రిమ్ము అంచుకు తగులుతుంది. బీడ్ కూర్చోకపోతే కొన్నిచోట్ల గాలి పెంచుకుంటూ పోతారు. 40 పీఎస్ఐకి కూడా కూర్చోకుండా ఉన్న బీడ్‌ను గాలితో కూర్చోబెట్టకూడదు. గాలి తీసేసి, సబ్బునీళ్లు పూసి మళ్లీ మొదలుపెట్టాలి. పెట్రోలు పోసి అంటించి కూర్చోబెట్టే పద్ధతి గురించి ఒక్క మాట: వద్దు.

టైరు నేలను సరిగ్గా తాకుతోందా లేదా తెలియడానికి సుద్దముక్క చాలు. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు మందంగా అడ్డగీత గీసి, సిమెంటు నేల మీద బండిని తిన్నగా నాలుగైదు మీటర్లు నడపండి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువైనా ఉండాలి, రిమ్ము ఇరుకైనా ఉండాలి. అంచుల్లోనే చెరిగితే గాలి తక్కువ, లేదా రిమ్ము మరీ వెడల్పు. ముందు గాలి సరిచేసి మళ్లీ గీయండి. అప్పటికీ తేడా పోకపోతే తప్పు రిమ్ముదే.

అసలు డ్రాగ్ టైరును అంత మెత్తగా ఎందుకు చేస్తారంటే, దాని పని 402 మీటర్ల తిన్నని దారి. బండి కదిలే క్షణంలో పక్క గోడ ముడతలు పడి ఇంజను తోపును మింగుకుంటుంది, టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది. అందుకే అక్కడ రేడియల్‌కు (లోపలి దారాలు అడ్డంగా సాగే టైరుకు) 15 నుంచి 20 పీఎస్ఐ, నైలాన్ అల్లిక స్లిక్కుకు (దారాలు ఏటవాలుగా అల్లిన నున్నటి టైరుకు) అంతకన్నా తక్కువ గాలి. అంత తక్కువ గాలిలో రిమ్ము మీద బీడ్ జారకుండా స్క్రూలు బిగించేవాళ్లూ ఉన్నారు. అదే గాలితో, మిరప బస్తాలేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోతే టైరు కాగి పగులుతుంది. వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు, స్లిక్కుకు నీళ్లు పక్కకు పోవడానికి గాడే ఉండదు. వెనక అల్లిక స్లిక్కు, ముందు రేడియల్ పెడితే హైవే మీద బండి నిలకడగా పోదు. రోడ్డు బండికి ఐఎస్ఐ గుర్తున్న రేడియల్ చూసుకోండి, దాని లోడ్ ఇండెక్సు పాత టైరు కన్నా తగ్గకూడదు. 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది.

ఇక దించిన బండి విషయం. రిమ్ము ఈటీ నంబరు (రిమ్ము నడిమి గీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) మారకుండా 215 నుంచి 275కు పోతే టైరు లోపలికి 30, బయటికి 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ 30 మిల్లీమీటర్లకు లోపల చోటుందా అని బండి నిలబడి ఉన్నప్పుడు చూస్తే లాభం లేదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్ కింద జాకీ పెట్టి, బంప్ స్టాపు (యాక్సిల్ ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు ముక్క) తగిలేదాకా ఎత్తాలి. ఒక పక్కే ఎత్తి కూడా చూడాలి, ఎందుకంటే గుంటలో పడేది ఒక చక్రమే. అప్పుడు టైరుకూ కమాన్ కట్టకూ (పట్టీల స్ప్రింగుకూ), షాకబ్జరుకూ, మడ్‌గార్డుకూ మధ్య కనీసం బొటనవేలు దూరాలి. అల్లిక స్లిక్కు వేగంలో వ్యాసం పెరుగుతుంది గనుక దానికి ఇంకా ఎక్కువ ఖాళీ వదలాలి. చోటు చాలదని స్పేసరు (హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) పెడితే నట్టు ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టండి: 12 మిల్లీమీటర్ల మందం, మరకూ మరకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు ఉన్న బోల్టుకు 8 చుట్లకు తగ్గకూడదు.

దించడంలోనూ ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. యాక్సిల్ కమాన్ కట్ట మీద కూర్చున్న బండికే మధ్యలో దిమ్మ పెడితే కిందికి దిగుతుంది. కట్ట యాక్సిల్ మీద కూర్చున్న బండికి అదే దిమ్మ పెడితే పైకి లేస్తుంది. అది చూసి కమాన్ పట్టీలు రెండు తీసేస్తారు, దాంతో బరువు మోసే శక్తే పోతుంది. ముందు స్ప్రింగు కోసి దించితే చక్రం లోపలికి వాలి, వెడల్పు టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ కొలతలకు విరుద్ధంగా బండిని మార్చనివ్వదు. సెక్షన్ 182ఎ(4) ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

వరంగల్, కాజీపేట టైరు దుకాణాల వాళ్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. బిల్లులో టైరు సైజు రాస్తున్నారు, దాని పక్కనే ఎక్కించిన రిమ్ము వెడల్పు, ఈటీ నంబరు కూడా రాయండి. రెండు అంకెలు రాయడానికి అర నిమిషం చాలు. రిమ్ము సరిపోకపోతే ఆ సంగతి టైరు ఎక్కించక ముందే, కౌంటరు దగ్గరే తేలిపోతుంది.

ఇట్లు,
టైర్లు, సస్పెన్షన్ పని చేసేవాళ్లం,
హన్మకొండ