దున్నేది ఒకరు, సాయం అందేది ఇంకొకరికి

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రైతు ఆదాయం పడిపోతోందన్న మాట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు సాయం పెంచుతామంటాయి. పెంచండి, కాదనం. కానీ ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో ముందు చూడండి. మాది సొంతానికి సెంటు భూమి లేని కౌలు కుటుంబం. మా దాకా రావాల్సింది పట్టాదారు పాసు పుస్తకం దగ్గరే ఆగిపోతోంది.

పీఎం కిసాన్‌నే తీసుకోండి. 2019 నుంచి ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో. అదీ భూమి పేరున ఉన్న కుటుంబాలకే. కౌలుదారు ఆ లెక్కలోనే లేడు. అది కేంద్రం పథకం, మీ చేతిలో లేదంటారేమో. సరే, మీ చేతిలో ఉన్నదాని గురించే అడుగుతాను.

2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం వచ్చినప్పుడు బ్యాంకు అప్పు కోసం కౌలుదారుకి ఇచ్చే రుణ అర్హత కార్డుకి భూ యజమాని సంతకం అక్కర్లేదు. ఊళ్లో విచారణ చేసి ఇచ్చేవారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, కార్డు కావాలంటే 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలంది. కార్డు వల్ల భూమి హక్కుకి ఏ ఢోకా లేదని ఆ చట్టమే చెబుతోంది. అయినా యజమానుల భయం పోలేదు. యజమాని ఎక్కడో సిటీలో ఉంటాడు. ఫోన్ చేస్తే "సంతకాలూ అవీ ఎందుకులే, నేను నిన్ను కాదన్నానా?" అంటాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుంది. అందుకే అడగరు. దీనికి తోడు అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, కార్డు ఉన్నా బ్యాంకులో పని జరగదు. ఇక మిగిలింది వడ్డీ వ్యాపారి, లేదా పంట తనకే అమ్మాలన్న షరతుతో ఎరువులు అరువిచ్చే కొట్టు.

పంట పోయినా కౌలు ఆగదు. బస్తాల లెక్కన ముందే మాట్లాడుకున్నది ఇవ్వాల్సిందే. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్‌లో యజమాని పేరే ఎక్కి ఉంటే తుపాను నష్టపరిహారం కూడా ఆయనకే. నేలమట్టమైన వరి కోయించుకునే కూలీ ఖర్చు మాత్రం మాది.

2018-19 జాతీయ నమూనా సర్వేలో దేశంలో సగటు వ్యవసాయ కుటుంబానికి నెలకి పంట మీద మిగిలింది 3,798 రూపాయలు, కూలి, జీతాల మీద వచ్చింది 4,063. మన రాష్ట్రంలో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని కూడా ఆ సర్వేనే చెప్పింది. ఇక కౌలు కట్టాల్సినవాడికి ఏం మిగులుతుందో మీరే ఊహించండి.

సంతకం షరతు తీసేయండి. ఏ చెక్క ఎవరు దున్నుతున్నారో ఊళ్లో అందరికీ తెలుసు. ఈ-క్రాప్ కోసం పొలానికొచ్చి ఫోటో తీసే ఉద్యోగికీ తెలుసు. గట్టు మీద ఉన్న మనిషి పేరే రాయమనండి, అభ్యంతరం ఉంటే గ్రామసభలో తేల్చండి. యజమానుల భయం పోగొట్టే పని అధికారులకి అప్పజెప్పండి, దాన్ని కౌలుదారు నెత్తిన పెట్టకండి. తాకట్టు లేకుండా 2 లక్షల దాకా పంట రుణం ఇవ్వొచ్చని 2025 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కౌలు కార్డులకి అలా ఎన్ని రుణాలిచ్చారో జిల్లాల వారీగా, బ్యాంకుల వారీగా బయటపెట్టండి.

ఖరీఫ్ నారుమళ్లు పోసేలోపు ఈ మార్పు వస్తే ఈ ఏడే పనికొస్తుంది.

ఇట్లు,
ఒక కౌలు రైతు కొడుకు