క్లినిక్ బయట బెంచీ మీద కలిసిన అక్కకు

అక్కా, మీ పేరు తెలియదు, తిరుపతిలో ఎవరైనా మీకు చూపిస్తారని రాస్తున్నా. నాకు 43 ఏళ్లకు ఏడీహెచ్‌డీ (చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య) అని తేలింది, అన్నాళ్లూ టెన్షన్‌కే మందులు వాడాను. 12 ఏళ్లలోపే లక్షణాలున్నాయా అని డాక్టర్ తప్పకుండా అడుగుతారు, అమ్మను వెంటబెట్టుకురామ్మా, బడి ప్రోగ్రెస్ కార్డులుంటే వెతుకు అని మీరు చెప్పబట్టే చిత్తూరు వెళ్లి అమ్మ బీరువా అంతా తీయించాను. ఐదో తరగతి కార్డు వెనక 'తెలివైనదే, ధ్యాస నిలవదు' అని టీచరమ్మ రాసింది కనబడగానే ఏడుపొచ్చేసింది. డాక్టర్ కూడా దాన్ని చాలాసేపు చూశారు. ఆడపిల్లల్లో అల్లరి కంటే పరధ్యానమే ఎక్కువగా ఉండటంతో చాలామందిది బయటపడదని ఆయనా అన్నారు. మందు మొదలైంది, కరెంటు బిల్లు గడువులోపే కట్టగలుగుతున్నా. మీ అమ్మాయికీ ఇదే కదా, తను బాగా చదువుకోవాలి. చాలా చాలా థాంక్స్ అక్కా.