పాత ప్యాటర్న్లు కొన్నవాళ్ళకి: ఏ ఫైళ్ళు మార్చాం, ఎందుకు మార్చాం

పాతకాలం కుట్టు, అల్లిక, ఎంబ్రాయిడరీ ప్యాటర్న్ల ఫైళ్ళు మా దగ్గర కొన్న అందరికీ. ముందు తప్పు సంగతి చెప్పేస్తాం. కుట్టు ప్యాటర్న్ల తొలి విడత ఫైళ్ళలో కొలత చదరం పెట్టలేదు. ప్రింటు అసలు సైజులోనే వచ్చిందా అని టేపు పెట్టి చూసుకునే 10 సెంటీమీటర్ల గడి అది. అది లేక కొందరి బట్టలు బిగుతయ్యాయి. తప్పు మాదే, మీ కటింగుది కాదు. ఆ ఫైళ్ళన్నీ గడితో సహా మళ్ళీ తయారుచేశాం. ఇదివరకు కొన్నవాళ్ళు కొత్తవాటికి డబ్బు కట్టక్కర్లేదు. పాత ఫైళ్ళు దయచేసి తీసేయండి, రెండూ కలిసిపోతే ఏది సరైనదో తేల్చడం కష్టం.

బిగుతు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, చాలా ప్రింటర్లు అడక్కుండానే బొమ్మని పేజీ అంచుల్లోపలికి కుదించేస్తాయి. పైగా ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు, అమెరికన్ లెటర్ కాగితం పొడవు 279. ఏ4కి తయారుచేసిన పేజీని లెటర్ కాగితం మీద ఇమిడిస్తే దాదాపు 6 శాతం తగ్గుతుంది. గడి 10కి బదులు 9.7 వచ్చిందనుకోండి. 3 శాతమే కదా అనిపిస్తుంది, కానీ 36 అంగుళాల చాతీ 35కి దిగుతుంది. ఒంటికి అతుక్కునే జాకెట్టులో వదులే రెండంగుళాలుంటే అందులో సగం పోయినట్టే. చంక గుండ్రం కూడా అదే లెక్కన తగ్గుతుంది, అక్కడ తెలిసినంతగా నడుం దగ్గర తెలియదు. అందుకని ప్రింటు సెట్టింగుల్లో 'అసలు సైజు' లేదా 100 శాతం పెట్టండి, గడి ఉన్న పేజీ ఒక్కటే ముందు తీయండి, అడ్డం నిలువు రెండూ కొలవండి. అడ్డం సరిగ్గా ఉండి నిలువు తేడా వస్తే మీ ప్రింటరు కాగితాన్ని జార్చి లాగుతోంది. దాన్ని శాతాలతో సరిచేయలేం, ఇంకో ప్రింటరు మీద తీయాలి.

స్కానింగులోనూ పద్ధతి మార్చాం. పాత టిష్యూ కాగితం మడతల మీద సరిగా పరుచుకోదు. ఆవిరి పెడితే తేమకి సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, కానీ అన్ని వైపులా ఒకేలా కాదు. ఇప్పుడు ఆవిరి లేకుండా, తక్కువ వేడి మీద పొడి ఇస్త్రీ చేసి, పక్కన లోహపు స్కేలు పెట్టి స్కాన్ చేస్తున్నాం. స్కేలు కూడా బొమ్మలో పడుతుంది కనుక ఎక్కడ సాగినా పట్టుబడుతుంది.

ఇక సైజు నంబరు. మాకు అన్నిటికన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చేది దీని గురించే. కవరు మీది నంబరు చూసి కొనకండి. అమెరికన్ ప్యాటర్న్లలో 1940ల్లో 34 అంగుళాల చాతీకి 16 అని రాసేవారు. 1950ల చివర్లో అదే చాతీ 14 అయింది, 1960ల చివర్లో 12 అయింది. ఒళ్ళు మారలేదు, నంబరే జరిగింది. ఇప్పటి రెడీమేడ్ దుస్తుల నంబర్లకీ వీటికీ అసలు పోలిక లేదు. కాబట్టి ఇకనుంచి మా పేజీల్లో చాతీ, నడుం, సీటు అంగుళాల్లోనూ సెంటీమీటర్లలోనూ ముందు కనిపిస్తాయి, పాత నంబరు చివర్న ఉంటుంది.

చాతీ కొలత కలిసినా ఒకసారి కోరా గుడ్డ మీద కుట్టి చూడమనే మా సలహా. 1940, 50ల ప్యాటర్న్లు బిగుతైన లోదుస్తుల మీద వేసుకునేందుకు గీసినవి. డార్టు (గుడ్డకి ఒంటి ఆకారం రావడానికి మడిచి కుట్టే కోణం) మొన ఇప్పటి శరీరానికి ఎత్తుగా పడుతుంది, నడుం చాతీతో పోలిస్తే బాగా సన్నం, చంక పైకి ఉంటుంది. చంక పైకి ఉండటం లోపమని చాలామంది కిందికి కోసేస్తారు. దయచేసి ముందు చెయ్యెత్తి చూడండి. చంక ఎత్తుగా ఉంటేనే చెయ్యెత్తినప్పుడు జాకెట్టంతా పైకి లేవదు. కిందికి కోశాక ఆ గుడ్డ మళ్ళీ రాదు.

కుట్టు మార్జిన్, అంటే కుట్టుకి అవతల అంచున వదిలే గుడ్డ, సంగతి ఒక్కో ప్యాటర్న్‌కి ఒక్కోలా ఉంటుంది. తర్వాతి కాలపువాటిలో 5/8 అంగుళం దాదాపు స్థిరపడింది. అంతకు ముందువాటిలో 3/8 ఉండొచ్చు, అర అంగుళం ఉండొచ్చు, కొన్నిట్లో అసలు ఉండదు. 3/8 వదిలినదాన్ని అలవాటుగా 5/8 కుడితే ఒక్కో అంచులో పావు అంగుళం పోతుంది. రెండు పక్క కుట్లకి నాలుగు అంచులు, మొత్తం ఒక అంగుళం. ఇప్పుడు ప్రతి ముక్క మీదా మార్జిన్ ఎంతో రాశాం, కుట్టు గీతని చుక్కలతో చూపించాం.

అచ్చు లేని ప్యాటర్న్ల గురించి ఒక మాట. ఎబెనెజర్ బటరిక్ 1863లో సైజుల వారీగా కాగితపు ప్యాటర్న్లు అమ్మడం మొదలుపెట్టిన తర్వాత చాలా దశాబ్దాలపాటు ముక్కల మీద గీతలుండేవి కావు, చిల్లులు మాత్రమే ఉండేవి. పెద్ద చిల్లులు, చిన్న చిల్లులు, అంచున గాట్లు: మడత, గుడ్డ నిలువు వాటం, డార్టు అన్నీ వాటితోనే చెప్పేవారు. ఏ చిల్లుకి ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి సూచనల కాగితం లేనివాటిని మేం ఊహతో పూర్తిచేసి అమ్మం. పైగా కాగితాల్ని కట్టగా పేర్చి ఒకేసారి కోసేవారు, అంచులు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. మేం మళ్ళీ గీసిన ఫైళ్ళలో పక్క కుట్లు రెండూ ఒకే పొడవు వచ్చేలా సరిచేశాం, ఎక్కడ సరిచేశామో ఎర్ర గీతతో చూపించాం. మార్పు లేని స్కాన్ కూడా పక్కనే ఉంటుంది. పాత చేతిపని అసలు రూపం మీ కంటికి ఆనాలి, అది దాచేయడం మాకిష్టం లేదు.

గుడ్డ ఎంత కావాలన్నది కవరు మీద ఉన్నా పనికిరాదు. అప్పటి పన్నా (గుడ్డ వెడల్పు) 35, 36, 39 అంగుళాలు, ఊలు గుడ్డకి 54. ఇప్పుడు 44, 58 ఎక్కువ. గజాల్ని పన్నాతో భాగిస్తే సరిపోతుందనుకోకండి, వెడల్పాటి స్కర్టు ముక్క 36లో ఒక్కటే పట్టి 44లో కూడా ఒక్కటే పట్టొచ్చు. 44కీ 58కీ ముక్కలు పేర్చే పటం కొత్తగా గీసి కలిపాం.

అల్లికలో పొరపాటు వచ్చేది ఎక్కువగా సూది దగ్గరే. పాత బ్రిటిష్ నంబర్లలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికన్ నంబర్లలో లావవుతుంది. బ్రిటిష్ 10 అంటే 3.25 మిల్లీమీటర్లు, అమెరికన్ 10 అంటే 6. ఇప్పుడు అన్ని ఫైళ్ళలో మిల్లీమీటర్లు రాశాం. కానీ సూది సరైనదైతే సరిపోదు. 34 అంగుళాల స్వెటర్‌కి అంగుళానికి ఏడున్నర కుట్లు అని ఉంటే మొత్తం 255 కుట్లు. మీ చేయి కాస్త వదులై ఏడే వస్తే చాతీ 36న్నరకి దగ్గరవుతుంది. సన్నటి ఊలు దొరకలేదని అంతకన్నా లావైన డబుల్ నిటింగ్ ఊలుతో, అంగుళానికి ఐదున్నర కుట్లతో అవే 255 వేస్తే 46 అంగుళాలు దాటుతుంది. నమూనా ముక్క కనీసం ఆరంగుళాల చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, మధ్యలో నాలుగంగుళాలు కొలవండి. అంచు కుట్లు ఎప్పుడూ అబద్ధం చెబుతాయి.

ఊలు ఔన్సుల్లో ఉంటుంది. ఔన్సు 28.35 గ్రాములు, 8 ఔన్సులంటే 227 గ్రాములు. 50 గ్రాముల ఉండలు ఐదు వస్తాయి, మేమైతే ఆరు కొనమంటాం, ఒకే రంగు లాట్‌లోవి, అంటే ఒకేసారి రంగు వేసినవి. నూలు దారం వాడితే బరువు ఎక్కువ పడుతుంది, నూలుకి ఊలు సాగుడు లేదు కనుక నడుం పట్టీ జారుతుంది. ఆ పట్టీకి ఒక సైజు సన్న సూది వాడండి.

సంక్షిప్త పదాల పట్టిక పూర్తిగా మళ్ళీ రాశాం. పాత లేసు అల్లికల్లో 'మేక్ వన్' (ఒక కుట్టు పెంచమని) అంటే చాలాసార్లు సూది మీదుగా దారం తిప్పడమే, అక్కడ రంధ్రం పడాలి. ఇప్పటి పద్ధతిలో రంధ్రం పడకుండా పెంచితే లేసు మూసుకుపోతుంది. క్రోషాలో బ్రిటిష్ డబుల్ అంటే అమెరికన్ సింగిల్. బ్రిటిష్ ప్యాటర్న్‌ని అమెరికన్ అర్థంతో అల్లితే ప్రతి వరసా పొడుగై అల్లిక వేలాడుతుంది. ఏ దేశపు మాటలో ఇప్పుడు మొదటి పేజీలోనే ఉంటుంది.

ఎంబ్రాయిడరీవి తక్కువ మారాయి. ఇస్త్రీతో దిగే పాత బదిలీ కాగితాల్లో సిరా పనిచేయకపోవచ్చు, ఒకవేళ పనిచేసినా ఒక్కసారికే, అందుకని వాటిని గీత బొమ్మలుగా ఇస్తున్నాం. కాగితం మీద తిరగేసి ఉన్న అక్షరాల్ని సరిచేసే ఇచ్చాం, మీరు మళ్ళీ తిప్పక్కర్లేదు. నీటితో పోయే నీలం పెన్నుతో గీస్తే ఉతికే ముందు ఇస్త్రీ పెట్టకండి, గీత ఉండిపోతుంది. వేడికి మాయమయ్యే పెన్ను గీత బాగా చలి తగిలితే మళ్ళీ కనిపించవచ్చు. కాబట్టి చాలా ఏళ్ళు దాచుకునే పనికి అది వద్దు. క్రాస్ స్టిచ్ పటాలకి రెండు సైజులు రాశాం: 126 కుట్ల వెడల్పు 14 కౌంట్ (అంగుళానికి 14 కుట్లు పట్టే) గుడ్డ మీద 9 అంగుళాలు, 18 మీద 7.

హక్కుల విషయంలో కొన్ని ప్యాటర్న్లు తీసేశాం. అమెరికాలో ప్రచురించి 95 ఏళ్ళు నిండినవాటిని మేం ధైర్యంగా ఇస్తాం. 1963 వరకు వచ్చినవాటిలో 28వ ఏట హక్కు పొడిగించుకోనివి కూడా అక్కడ విడుదలైపోయాయి, కానీ పొడిగించలేదని రికార్డుల్లో చూసి రూఢి చేసుకున్నాకే పెడతాం. అది తేలనివి అమ్మకంలోంచి తీశాం. కొన్నవాళ్ళు అడిగితే డబ్బు తిరిగి ఇస్తాం.

లేసు శాలువాల ఫైళ్ళు ఇంకా రాలేదు. అచ్చుతప్పులు ఎక్కువగా వాటిలోనే ఉన్నాయి. ఒక వరసలో తగ్గించిన కుట్లకీ పెంచినవాటికీ లెక్క కుదరకపోతే ఆ తప్పు పది వరసల తర్వాతగాని బయటపడదు. ప్రతి వరసా అల్లి, చివర్న ఎన్ని కుట్లుండాలో రాస్తున్నాం. మీ దగ్గరున్న పాత ఫైలు ప్రకారం అల్లుతూ ఎక్కడైనా లెక్క తప్పితే ప్యాటర్న్ పేరు, వరస నంబరు, మీకు వచ్చిన కుట్ల సంఖ్య, ఈ మూడూ రాసి పంపండి. ఆ వరసని ముందు సరిచేసి పంపిస్తాం.