మీరు డిజైన్ చేసిన ఆఫీసులో మా పని సాగడం లేదు

డైరెక్టర్ గారికి,

విషయం: మా ఆఫీసు ఇంటీరియర్‌లోని లోపాలను సరిచేయాలని కోరుతూ ఫిర్యాదు.

అయ్యా,

మీ సంస్థ తయారుచేసి అప్పగించిన ఆఫీసులోకి మేము మారి మూడు నెలలు దాటింది. కొత్త చోటు కదా, అలవాటు పడితే సర్దుకుంటుందని మొదట్లో మా వాళ్లకు నేనే నచ్చజెప్పాను. ఇప్పుడు ఆ మాట అనడానికి నాకు మనసొప్పడం లేదు. 46 మంది రోజంతా కూర్చునే చోటు ఇది. వాళ్లందరి తరఫునా ఈ లేఖ రాస్తున్నాను.

మా పని గురించి మొదటి మీటింగులోనే మీ డిజైనరుకు వివరంగా చెప్పాను. మేము బీమా క్లెయిములు పరిశీలిస్తాం. 28 మంది ఆస్పత్రి బిల్లుల్ని వరుస వరుసా చదివి లెక్క తేలుస్తారు. 18 మంది ఫోన్లలో పాలసీదారులతో మాట్లాడతారు. ఒకరికి నిశ్శబ్దం కావాలి, ఇంకొకరికి మాట్లాడక తప్పదు. ఆమె అదంతా నోట్‌బుక్‌లో రాసుకున్నారు కూడా. తీరా డ్రాయింగు చూస్తే రెండు బృందాలూ ఒకే హాల్లో ఉన్నాయి, మధ్యలో మోకాలెత్తు మొక్కల తొట్లు. ఇదేమిటని అడిగితే, గోడలు లేకపోతే అందరూ కలిసి మాట్లాడుకుంటారు, పని వేగం పెరుగుతుంది అన్నారు. మీకు అనుభవం ఉందని నమ్మి సంతకం పెట్టాను.

పోయిన నెల జరిగిన సంగతి చెబుతాను. 11 ఏళ్లుగా క్లెయిములు చూస్తున్న మా సహోద్యోగి ఒకరు మందుల బిల్లు కూడుతున్నారు. వెనక సీటులోని అబ్బాయి ఫోన్లో పాలసీ నంబరును ఒక్కో అంకే పలికి సరిచూసుకుంటున్నాడు. బిల్లు మొత్తం పడాల్సిన గడిలో ఆ పాలసీ నంబరు చివరి నాలుగు అంకెలు పడ్డాయి. రెండో తనిఖీలో దొరికింది కాబట్టి సరిపోయింది. ఆవిడ మాత్రం “నాకేమైంది, ఇలా ఎప్పుడూ చేయలేదే” అని నా ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడకేమీ కాలేదు. ఏసీ హోరును కాసేపటికి చెవి మరిచిపోతుంది గానీ, అర్థమయ్యే మాటను మరిచిపోవడం దానివల్ల కాదు. అంకెల్ని మనసులో పట్టి ఉంచుకునే పనికి పక్కవాళ్ల మాట కన్నా పెద్ద అడ్డంకి లేదు.

ఆఫీసులు కట్టేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఇలా గోడలు లేని ఓపెన్ ఆఫీసుల్లో ధ్వనిని కొలవడానికి ఐఎస్ఓ 3382-3 అని ప్రత్యేక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. ఒకరి మాట ఎంత దూరం దాకా స్పష్టంగా వినబడి ఏకాగ్రతను చెడగొడుతుందో అందులో లెక్క కడతారు. మీరు ఆ కొలత తీసిన దాఖలా లేదు. పైగా ఫాల్స్ సీలింగ్ తీసేసి స్లాబుకు నల్లరంగు వేశారు. కింద నున్నటి నేల, రెండు వైపులా గాజు. శబ్దాన్ని పీల్చుకునే వస్తువు హాలంతటిలో ఒక్కటీ లేదు. చివరి వరుసలో మాట్లాడితే మొదటి వరుసలో పొల్లుపోకుండా వినిపిస్తుంది. ఆ మాటల్లో రోగుల జబ్బుల వివరాలుంటాయి, గాజుకు అవతల సందర్శకులు తిరుగుతుంటారు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెడుతోంది.

కలిసి మాట్లాడుకోవడం పెరిగిందా అంటే, అదీ లేదు. పాత ఆఫీసులో సందేహం వస్తే పార్టిషన్ మీంచి తొంగిచూసి అడిగేవాళ్లు. ఇప్పుడు అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్క సీటులోని వాళ్లకు కూడా మెసేజే పంపుతున్నారు. 2018లో ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు రెండు పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకు సెన్సర్లు తగిలించి గమనిస్తే, ఓపెన్ ఆఫీసుకు మారాక ముఖాముఖి సంభాషణ దాదాపు 70 శాతం తగ్గింది, మెయిళ్లు పెరిగాయి. జర్మనీలో 1950ల చివర గోడలు లేని ఆఫీసులు మొదలుపెట్టిన ష్నెల్లె సోదరులు కూడా, ముందు ఏ కాగితం ఎవరి బల్ల మీంచి ఎవరి బల్ల మీదికి వెళుతుందో చూసుకున్నాకే బల్లల చోటు నిర్ణయించేవారు. మీరు మా పాత ఆఫీసుకు వచ్చి ఒక్క పూటైనా కూర్చోలేదు.

వెలుతురు సంగతీ చెప్పాలి. పడమటి కిటికీ వరుసలో మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎండ నేరుగా స్క్రీన్ల మీద పడుతుంది. అక్షరాలు కనబడక మా వాళ్లు ప్రింటర్ వచ్చిన అట్టపెట్టెను చింపి అద్దానికి టేపుతో అంటించారు. స్క్రీన్లు కిటికీకి ఎదురుగా కాకుండా పక్కకు ఉండేలా బల్లల్ని తిప్పి ఉంటే చాలావరకు తప్పేది. లోపలి వరుసలోనేమో చీకటి. బల్ల మీద రాతకోతలకు వెలుతురు 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉండాలంటారు, మీటరు తెచ్చి కొలిస్తే 210 వచ్చింది. గాజు మీటింగు రూములో ఎనిమిది మంది తలుపు మూసుకుని కూర్చుంటే 40 నిమిషాల్లో కార్బన్ డయాక్సైడ్ 1,800 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 1,800 భాగాలు) దాటింది, బయటి గాలిలో అది 420 చుట్టుపక్కల ఉంటుంది. ఏసీ చల్లబరుస్తోందే గానీ, కొత్త గాలి లోపలికి రావడం లేదు.

సామాన్ల గది, వైరింగ్ చక్కగా చేశారు. మీ పనివాళ్లు రాత్రింబవళ్లు కష్టపడ్డారు, అది నేను కళ్లారా చూశాను. నా ఫిర్యాదు డిజైన్ మీదే. రెండుసార్లు మెయిల్ చేస్తే ఒక్కసారి జవాబిచ్చారు, అందులోనూ ఉద్యోగులకు మంచి హెడ్‌ఫోన్లు కొనివ్వమన్నారు.

ఎవరూ కూర్చోని లాంజ్ ఉంది కదా, ఫోన్ బృందాన్ని అక్కడికి మార్చి, నేల నుంచి స్లాబు దాకా శబ్దం ఆపే పార్టిషన్ కట్టండి. హాలు పైకప్పుకు అకౌస్టిక్ ప్యానెల్స్, కింద కార్పెట్ టైల్స్ వేయండి. కిటికీలకు బ్లైండ్స్, లోపలి వరుసకు లైట్లు, మీటింగు రూముకు బయటి గాలి తెచ్చే డక్టు కావాలి. పనికి ముందూ తర్వాతా ధ్వని కొలిపించి ఆ రిపోర్టు మాకు ఇవ్వాలి. ఈ పనులు సెలవు రోజుల్లోనో రాత్రుల్లోనో జరగాలి, మా వాళ్లకు ఇంకో ఇబ్బంది పెట్టలేను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో మీ డిజైనరు, ఇంజినీరు ఇక్కడికి రావాలి. ఒప్పందంలో ఉన్న వీలు ప్రకారం, ఇవన్నీ పూర్తయ్యేదాకా చివరి బిల్లు నిలిపి ఉంచుతున్నాం. వచ్చిన రోజు ఇద్దరికీ నాలుగో వరుసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉంచుతాను. ఉదయం ఫోన్లు మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, ఒక బిల్లు కూడి చూడమనండి.

ఇట్లు,
ఆఫీసు నిర్వహణ బాధ్యురాలు