మా చిన్న పుస్తకాన్ని దిద్దిపెట్టిన అందరికీ

తల్లిదండ్రుల కోసం లైంగిక ధోరణి (మనసు ఎవరివైపు మొగ్గుతుందన్నది), జెండర్ గుర్తింపు (తను ఆడా, మగా, మరొకటా అని మనిషి లోపల అనుకునేది) గురించి వేసిన చిన్న పుస్తకం రెండో కూర్పు ప్రెస్సుకు వెళ్లింది. మొదటి కూర్పు మీద ఎర్ర సిరాతో గీతలు గీసి పంపినవాళ్లందరికీ కృతజ్ఞతలు. పేర్లు రాయడం లేదు. ఇలాంటి చోట పేరు కనబడితే చాలు, పక్కింటివాళ్లు ఏదో ఒకటి ఊహించేసుకుంటారు. అందుకని ఎవరు ఏం దిద్దారో మాత్రమే చెబుతాం.

మొదటి దండం తెలుగు మాస్టారికి. 'బైసెక్సువల్' అన్న మాటకు నిఘంటువులో దొరికింది కదా అని 'ద్విలింగ వ్యక్తులు' అని అచ్చేశాం. ఆయన ఆ మాట పక్కన మందార పువ్వు బొమ్మ గీసి పంపారు. బడి పుస్తకంలో ద్విలింగ పుష్పం అంటే కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉన్నది. ఆ పాఠం చదువుకున్న తండ్రి ఈ మాట చూస్తే కొడుకు శరీరంలో ఏదో తేడా ఉందనుకుని స్కానింగుకు తీసుకెళ్తాడు. ఇక్కడ సంగతి మనసు ఎవరివైపు మొగ్గుతుందన్నది, శరీరం ఎలా ఉందన్నది కాదు. ఇప్పుడు బైసెక్సువల్ అనే ఉంచి, 'ఒకటి కంటే ఎక్కువ జెండర్ల వాళ్ల మీద ఆకర్షణ కలిగేవాళ్లు' అని పక్కన వివరం ఇచ్చాం.

'స్వలింగ సంపర్కులు' కూడా ఆయనే కొట్టేశారు. సంపర్కం అంటే చేసే పని. ఇంతవరకూ ఎవరినీ ముట్టుకోని మనిషి కూడా గే కావచ్చు, లెస్బియన్ కావచ్చు. 'స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు' అంటే సరిపోతుంది.

ఇక క్రియలు. 'తాను గే అని ఒప్పుకున్నాడు' అని పత్రికల్లో రాసినట్టే మేమూ రాశాం. ఒప్పుకునేది దొంగతనం. 'చెప్పాడు' అంటే చాలు. 'లెస్బియనిజంతో బాధపడుతున్న' అన్నచోట 'బాధపడుతున్న' తీసేయమన్నారు. అది జ్వరానికి వాడే మాట. అన్నిటికంటే బాగా నచ్చింది 'చెప్పుకోవడం', 'బయటపెట్టడం' మధ్య ఆయన చూపిన తేడా. తన గురించి తానే చెబితే చెప్పుకోవడం, ఇంకొకరు చెప్పేస్తే బయటపెట్టడం. మన 'కొను' ఎంత పని చేస్తుందో చూడండి! పుస్తకమంతా ఈ రెండు మాటల మీదే నడిపించాం.

సర్వనామాల పేజీ మాత్రం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. 'అతను, ఆమె బదులు తను అనండి' అని ఒక్క వాక్యంతో తేల్చేశాం. అది చాలదని ట్రాన్స్ పిల్లలున్న, అంటే పుట్టినప్పుడు రాసిన జెండర్ తమది కాదనే పిల్లలున్న, ఇద్దరు తల్లులు రాశారు. 'తను' అని మొదలుపెట్టినా చివర 'వచ్చాడు' అనో 'వచ్చింది' అనో అనక తప్పదు. 'తను వచ్చారు' అంటే క్రియలో ఆడా మగా ఉండవు. పెద్దవాళ్ల గురించి ఎలాగూ అలాగే అంటాం కాబట్టి అలవాటు కావడం తేలికే. ఎదురుగా మాట్లాడేటప్పుడు 'నువ్వు తిన్నావా' అన్నదాంట్లో అసలు చిక్కే లేదు. చిక్కంతా 'ఏరా', 'ఏమే' దగ్గర. పాతికేళ్లుగా 'ఏమే' అని పిలిచిన నోరు ఒక్కరోజులో మారదు, అలాగని వెంటనే 'ఒరేయ్' అన్నా కృతకంగా ఉంటుంది. కొన్నాళ్లు రెండూ మానేసి 'కన్నా', 'నాన్నా', 'బంగారం' అని పిలవమని వాళ్లే దారి చెప్పారు. పొరపాటున పాత పిలుపు వచ్చేస్తే సరైన మాట ఒకసారి అని ముందుకెళ్లిపోవాలి. పది నిమిషాల క్షమాపణ పిల్లలకు ఇంకా ఇబ్బంది.

'లింగమార్పిడి చేయించుకున్నవారు' అన్న మాటను ట్రాన్స్ మహిళలు అభ్యంతరపెట్టారు. ఆపరేషన్ చేయించుకోని ట్రాన్స్ మనుషులు చాలామంది, చేయించుకున్నారా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్నా కాదు. హిజ్రా అంటే గురు చేలా (గురుశిష్యుల) కట్టుబాటుతో నడిచే సముదాయం, ట్రాన్స్ మనుషులందరూ హిజ్రాలు కారు. 'నపుంసకులు' అన్న మాట వెనక నిజాం కాలపు చట్టం ఒకటి ఉందని గుర్తుచేసిందీ వాళ్లే. నిజాం లెక్కలో 1329 ఫసలీ, అంటే 1919 నాటి ఆ చట్టం అలాంటివాళ్ల పేర్లు రిజిస్టరులో రాయించి, ఆడవేషంలో బయట కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో.

సైకియాట్రిస్టు గారు పంపింది అరపేజీయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేయాలని నిర్ణయించిన తేదీ 1990 మే 17. మేం 1992 అని వేశాం, అది కొత్త జాబితా అచ్చయిన ఏడాది. 'మార్చేస్తాం' అంటూ మందులో షాకులో ఇవ్వడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కాబట్టి అలాంటి డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. ప్రిస్క్రిప్షన్లు, రసీదులు పారేయకండి అని కూడా కలిపారు. తల్లిదండ్రులకే గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్ టెలిమానస్ నంబరు 14416, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

లాయరు గారు మాత్రం మమ్మల్ని ఊరికే వదల్లేదు. '377 రద్దయింది, ఇక పెళ్లి చేసుకోవచ్చు' అన్న వాక్యంలో రెండు తప్పులు. 377 అంటే స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి సెక్షన్. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సెక్షన్ మొత్తాన్ని కొట్టేయలేదు, ఇష్టపడిన వయోజనుల మధ్య ఏకాంతంలో జరిగేది నేరం కాదంది. 2024 జులై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాకే ఆ సెక్షన్ లేకుండా పోయింది. దాంతో వయోజనుడైన మగవాడి మీద బలాత్కారం జరిగితే పెట్టే సెక్షన్ కూడా పోయింది (దీని గురించి ఎవరూ మాట్లాడరు). పెళ్లి హక్కునైతే 2023 అక్టోబర్ 17 తీర్పులో కోర్టు గుర్తించలేదు. చేతిలో ఉన్నదేమిటంటే బ్యాంకు. జాయింట్ అకౌంట్ తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. కానీ నామినీ డబ్బు అందుకునే మనిషే, దానికి వారసులు కారు. అందుకే వీలునామా కావాలి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, ఆస్తి ఎవరికి రాస్తున్నామో వాళ్లు సాక్షిగా లేకుండా చూసుకోవడం మంచిది. ఉంటే కొన్ని మతాలవాళ్ల వీలునామాల్లో ఆ సాక్షికి రాసిన వాటానే చెల్లకుండా పోతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిదన్నారు.

'పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది' అన్న మాటకు మేం నాలుగు పేరాలు రాస్తే, ఒక పాఠకురాలు వాటన్నిటినీ కొట్టేసి ఒకే ప్రశ్న రాశారు: 'వచ్చే పిల్ల ఏం పాపం చేసింది?' అదే వేశాం.

డీటీపీ చేసిన అబ్బాయికి ప్రత్యేకంగా చెప్పాలి. ఫాంటు మార్చినప్పుడు పొల్లు తర్వాత ఉండే కనబడని అక్షరం రాలిపోయి, 'ట్రాన్స్‌జెండర్'లోని జకారం సకారం కింద వత్తుగా దిగిపోయింది. చదవబోతే నోరు తిరగదు. పుస్తకంలో ఆ మాట ఉన్న ప్రతిచోటా చేత్తో సరిచేశాడు.

ఒక్కటి మాత్రం తేలలేదు. అక్క తన సహచరిని ఇంటికి తీసుకొస్తే తమ్ముడు ఆవిడను ఏమని పిలవాలి? వదిన అనాలని కొందరు, అక్క అనే అనాలని కొందరు ఉత్తరాలు రాశారు. ఆ గడి ఖాళీగానే వదిలి, పక్కన 'వాళ్లిద్దరినే అడగండి' అని వేశాం.