బీ1 జర్మన్‌కు వినే తరగతులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నర్సింగు, ఇంజినీరింగు చదివి జర్మనీ వెళ్లాలనుకునే మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు జర్మన్ భాషలో ఏ2 స్థాయి దాటాక, దాని పై మెట్టయిన బీ1 గట్టి పరీక్షే. గోథె సంస్థ పెట్టే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తేనే పాస్. తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. ఇది తెలియక కొందరు మొత్తానికీ ఫీజు కడుతున్నారు.

జర్మన్‌లో 'వైల్' (ఎందుకంటే) తరవాత క్రియ చివరికి వెళుతుంది: 'వైల్ ఇఖ్ క్రాంక్ బిన్' (ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు; ఇందులో 'బిన్' క్రియ). మన వాక్యంలోనూ క్రియ చివరే కనుక తెలుగువాళ్లకిది సహజంగా రావాలి. కానీ ఇంగ్లిష్ మీదుగా ఆలోచించి 'బిన్'ను ముందుకు లాగేస్తారు. అసలు చిక్కు విభక్తులది. పుస్తకం బల్ల మీద ఉంటే 'ఔఫ్ డేమ్ టిష్', బల్ల మీద పెడితే 'ఔఫ్ డేన్ టిష్'. మనకు రెండూ 'బల్ల మీద'నే కనుక తేడా చెవికి ఆనదు. ప్రతి నామవాచకాన్నీ మొదటి రోజు నుంచే లింగాన్ని చెప్పే, విభక్తిని బట్టి రూపం మారే డేర్, డీ, డాస్‌లలో దానికి తగినదానితో కలిపి కంఠతా పట్టాలి.

వినే పరీక్షలో కొన్ని భాగాలు ఒక్కసారే వినిపిస్తారు. వ్యాకరణం బోర్డు మీద రాసి వదిలేస్తే అక్కడ మార్కులు రావు. ఇక్కడి విశ్వవిద్యాలయాలు, కళాశాలలు జర్మన్ తరగతి ఉన్న ప్రతిరోజూ అరగంట ఆడియోకు కేటాయించాలని, ఒకసారి విన్నాక జవాబు రాయించి, ఆ తరవాతే రాతప్రతి చేతికివ్వాలని కోరుతున్నాం.

— జర్మన్ బోధకులు, విజయనగరం