తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

2022లో ఏర్పడిన మన జిల్లాలో శేషాచలం కొండలే కాదు, వాకాడు, తడ మండలాల సముద్రతీరమూ ఉంది. వేసవి మధ్యాహ్నం నేల కడలి కంటే త్వరగా వేడెక్కి, గాలి పైకి లేవగా, ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి వస్తుంది. ఆ గాలి కొండల కింది తిరుపతికి చేరేసరికి నీరసిస్తుంది కాబట్టి, ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున కూడా తీరగ్రామాల్లో సాయంత్రానికి ఊపిరి సలుపుతుంది. ఈ చల్లదనాన్ని చూసి నగరవాసులు అసూయపడవచ్చు గాని, దానికి రైతు చెల్లించే మూల్యం వేరు.

పగలంతా కళ్లంలో ఆరిన వడ్లు రాత్రి తేమగాలికి మళ్లీ మెత్తబడతాయి. కొనుగోలు నిబంధన ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు. ఉదయం పట్టాలు తీయగానే నమూనా తీస్తే, సాయంత్రం గీత లోపల ఉన్న రాశే గీత దాటిపోవచ్చు. మెట్ట మండలాలకూ తీరానికీ ఒకే వేళ పెట్టడం నా దృష్టిలో న్యాయం కాదు.

కావున తీర మండలాల్లో తేమ పరీక్షను మధ్యాహ్నం తరువాత జరిపించి, ఎత్తైన సిమెంటు కళ్లాలు, తగినన్ని టార్పాలిన్లు కోతలకు ముందే సమకూర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తిరుపతి వాసి